డెంటల్ సీటు ఫ్రీనే అంటారు, మరి ఈ అప్పు ఎక్కడి నుంచి వచ్చింది?



నీట్ రిజల్ట్ వచ్చి వారం తిరక్కముందే మన పిల్లల ఫోన్లు మోగడం మొదలవుతుంది. నంబర్ ఎవరిదో తెలియదు. "మీ మార్కులకు ఎంబీబీఎస్ కష్టమమ్మా, బీడీఎస్ అయితే గ్యారంటీ. బెంగళూరులో మంచి కాలేజీ. ఒక యాభై వేలు కట్టి సీటు బ్లాక్ చేసుకోండి, మిగతాది మేం చూసుకుంటాం" అంటారు. మన నంబరు, మన మార్కులు వాళ్ళ చేతికి ఎట్లా చేరాయో మాత్రం చెప్పరు. పక్కనే కూర్చున్న నాన్నకు అందులో 'డాక్టర్' అన్న మాటొక్కటే వినపడుతుంది. ఈసారి పత్తి మీద ఎంత వస్తుంది, ఎద్దుల జత అమ్మితే ఎంత వస్తుంది, సంఘంలో ఎంత పుడుతుంది అని ఆ రాత్రి నుంచే లెక్కలు మొదలు.

ఇంటర్ బైపీసీ చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ ఏడాది కౌన్సెలింగ్‌కు పోయేవాళ్ళూ, ఇప్పటికే డెంటల్ కాలేజీలో ఉండి ఇంటికి ఫోన్ చేయాలంటే భయపడుతున్నవాళ్ళూ ఆ లెక్కలను ఒకసారి నాతో కలిసి వెయ్యండి.

బీడీఎస్ చదవొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. మన ఊళ్ళకు పళ్ళ డాక్టర్ కావాలి. వేప పుల్ల, కానుగ పుల్లతో పళ్ళు తోముకున్న గూడేల్లో ఇప్పుడు ప్రతి కిరాణా కొట్టు ముందూ గుట్కా, ఖైనీ ప్యాకెట్లు దండల్లా వేలాడుతున్నాయి. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడవాళ్ళు చుట్ట నిప్పు నోట్లో ఉంచుకుని కాల్చే అడ్డపొగ వల్ల అంగిలి మీద క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. పన్ను నొప్పి అని పీహెచ్‌సీకి పోతే ఇచ్చేది ఒక మాత్ర. పీకించుకోవాలంటే భద్రాచలమో ఉట్నూరో పాడేరో పోవాలి. ఒక రోజు కూలి పోతుంది, బస్ ఛార్జీ పోతుంది. అందుకే మనోళ్ళు చాలామంది పన్ను దానంతటదే ఊడిపోయేదాకా ఓర్చుకుంటారు. మన భాష తెలిసిన డాక్టర్ మన మధ్య కూర్చుంటే ఎంత తేడా వస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

కాబట్టి చదవాలి. ఏ సీటులో చదవాలి, ఎవరి డబ్బుతో చదవాలి అన్నదగ్గరే మనం మోసపోతున్నాం.

డెంటల్ సీటు అంటే అన్నీ ఒకటి కాదు. ప్రభుత్వ కాలేజీ సీటు ఒక రకం. తెలంగాణలో హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఉన్న పాత కాలేజీయే మనకు తెలిసిన ప్రభుత్వ డెంటల్ కాలేజీ. ఏపీలో విజయవాడ, కడపల్లో ఉన్నాయి. ఏజెన్సీ ప్రాంతాలకు ఈమధ్య మెడికల్ కాలేజీలు వచ్చాయి గానీ డెంటల్ కాలేజీ ఒక్కటీ రాలేదు. రెండో రకం, ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా సీటు. ఇది కూడా ర్యాంకును బట్టి, రిజర్వేషన్‌ను బట్టి యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లోనే వస్తుంది. తెలంగాణలో 2022 నుంచి ఎస్టీలకు 10 శాతం, ఏపీలో 6 శాతం. ఈ రెండు రకాల సీట్లకూ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. మూడోది మేనేజ్‌మెంట్ కోటా, ఎన్నారై కోటా. కన్వీనర్ కోటాలో ఏడాది ఫీజు వేలల్లో ఉంటే ఇక్కడ లక్షల్లో ఉంటుంది. దీనికి రీయింబర్స్‌మెంట్ రాదు. ఎస్టీ అయినా రాదు, తెల్లకార్డు ఉన్నా రాదు. ఏజెంట్ ఫోన్‌లో అమ్మేది ఈ మూడో రకాన్నే. "మీది ఎస్టీ కదా, స్కాలర్‌షిప్ వచ్చేస్తుంది" అంటాడు. ఆ మాటను కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి, ఫోన్ పెట్టేస్తాడు. బయటి రాష్ట్రం సీటు అయితే ఇంకా జాగ్రత్త. మన రాష్ట్రం ఆ కాలేజీకి డబ్బు కడుతుందా లేదా అన్నది ఐటీడీఏలోనో గిరిజన సంక్షేమ శాఖ ఆఫీసులోనో అడిగి, జవాబు తీసుకున్నాకే రైలెక్కండి.

అసలు వాళ్ళు మన వెంట ఎందుకు పడతారు? డెంటల్ సీట్లు మిగిలిపోతున్నాయి కాబట్టి. 2020-21లో దేశమంతటా దాదాపు 7 వేల బీడీఎస్ సీట్లు ఖాళీగా ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కటాఫ్‌ను 10 పర్సంటైల్ తగ్గించి నింపమంది. ఒక సరుకు కొనేవాళ్ళు లేక మిగిలిపోతుంటే దాని ధర తగ్గాలి. ఇక్కడ ధర తగ్గదు, కొత్త కొనుగోలుదారుల కోసం వెతుకులాట పెరుగుతుంది. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కుతున్న పిల్ల కన్నా వాళ్ళకు సులువైన బేరం ఎవరు దొరుకుతారు?

ఒక్కసారి మేనేజ్‌మెంట్ సీటు లెక్క వేద్దాం. ఫీజు ఏడాదికి 4 లక్షలు అనుకోండి. నాలుగేళ్ళకు 16 లక్షలు. హాస్టల్, తిండి, పరికరాలు దీనికి అదనం. ఇందులో 10 లక్షలు బ్యాంకు ఇచ్చిందనుకుందాం, ఏడాదికి రెండున్నర లక్షల చొప్పున, 10 శాతం వడ్డీకి. నాలుగేళ్ళ చదువు, ఒక ఏడాది హౌస్ సర్జన్సీ, ఆ పైన ఒక ఏడాది గడువు. ఈ ఆరేళ్ళూ వడ్డీ కట్టకపోతే బారు వడ్డీయే నాలుగున్నర లక్షలవుతుంది. పద్నాలుగున్నర లక్షల అప్పు పదేళ్ళలో తీర్చాలంటే నెలకు 19 వేలు కట్టాలి. కొత్తగా బీడీఎస్ పూర్తి చేసినవాళ్ళకు ప్రైవేటు క్లినిక్‌లో ఇచ్చే జీతం నేను చూసిన చాలా చోట్ల 15 నుంచి 20 వేలు. జీతమంతా బ్యాంకుకే పోతే తినేది ఏం? సొంతంగా క్లినిక్ పెడతామంటే కుర్చీ, కంప్రెసర్, ఎక్స్‌రే మిషన్, అద్దె, అడ్వాన్సు. మళ్ళీ లక్షలు, మళ్ళీ అప్పు. ఇంకా మిగిలిన 6 లక్షలు నాన్న బయట తెచ్చాడు, ఆ వడ్డీ ఈ లెక్కలో లేనే లేదు.

అందుకని నా మాట గట్టిగానే చెప్తున్నా. మనలాంటి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మేనేజ్‌మెంట్ కోటాలో బీడీఎస్ కొనకూడదు. ఇంకో ఏడాది కూర్చుని నీట్ రాసినా నష్టం లేదు. గిరిజన గురుకులాల లాంగ్‌టర్మ్ కోచింగ్ ఉంది, దాన్ని వాడుకోండి. బీఎస్సీ నర్సింగ్, ఫిజియోథెరపీ, ఫార్మసీ చిన్న చదువులేం కావు. 'డాక్టర్' అన్న పేరు కోసం ఇల్లు గుల్ల చేసుకోవడం ఆత్మగౌరవం అనిపించుకోదు.

ఇక అసలు విషయానికి వస్తా. ఎందుకంటే మన పిల్లల్లో ఎక్కువమంది కొనుక్కోలేదు. కష్టపడి చదివి కన్వీనర్ సీటే తెచ్చుకున్నారు. ప్రభుత్వం ఫీజు కడుతుంది. ఊరంతా 'ఫ్రీ సీటు' అంది. అయినా నాలుగో ఏడు వచ్చేసరికి ఇంటి మీద లక్షన్నర, రెండు లక్షల అప్పు ఉంటోంది. ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

డెంటల్ చదువు చేతిపని. పుస్తకం ఒక్కటే ఉంటే సరిపోదు. మొదటి ఏడాదిలోనే మైనపు దిమ్మలు, వాటిని పన్ను ఆకారంలో చెక్కడానికి కార్వర్లు, స్పాచులాలు కొనాలి. రెండో ఏడు ఆర్టిక్యులేటర్, ఇంప్రెషన్ ట్రేలు, డెంటల్ స్టోన్, ప్లాస్టర్, పళ్ళ సెట్లు, అక్రిలిక్, టైపోడాంట్. మూడు, నాలుగు ఏళ్ళలో ఎయిరోటర్ హ్యాండ్‌పీస్, బర్లు, స్కేలర్లు, పన్ను పీకే ఫోర్సెప్స్, రూట్ కెనాల్ ఫైళ్ళు. జాబితా సీనియర్లు ఇస్తారు, కొనే షాపు కూడా కొన్నిసార్లు కాలేజీయే చూపిస్తుంది. అంతా కలిపితే చాలామందికి లక్ష దాటుతుంది. మెడికల్ కాలేజీలో చదివే పిల్లవాడు స్టెతస్కోప్, ఆప్రాన్, పుస్తకాలతో చాలావరకు నెట్టుకొస్తాడు. డెంటల్ వాడికి అట్లా కుదరదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ లెక్కగట్టేవాళ్ళకు ఈ తేడా తెలియదో, తెలిసీ వదిలేశారో గానీ ట్యూషన్ ఫీజు రశీదు మీద కనిపించేదే వాళ్ళకు ఖర్చు. కిట్ ఖర్చుకు ఏ కాలమూ లేదు.

ఇంకోటి ఉంది, ఇది బయటివాళ్ళకు అస్సలు తెలియదు. క్లినికల్ ఏళ్ళలో ప్రతి విద్యార్థీ ఇన్ని పళ్ళు పీకాలి, ఇన్ని ఫిల్లింగులు చేయాలి, కట్టుడు పళ్ళ సెట్టు ఒకటి పూర్తి చేసి చూపించాలి అని కోటా ఉంటుంది. ఓపీ బాగా ఉన్న చోట ఇబ్బంది లేదు. చాలా ప్రైవేటు కాలేజీలు ఊరికి దూరంగా హైవే పక్కన ఉంటాయి, పేషంట్లు అంతంత మాత్రం. అప్పుడు పేషంట్‌ను తెచ్చుకోవాల్సింది విద్యార్థే. ఆటో డబ్బులు మనమే ఇవ్వాలి, భోజనం మనమే పెట్టించాలి. కొన్ని చోట్ల పేషంట్ కట్టాల్సిన ఛార్జీ కూడా మన జేబులోంచే. కట్టుడు పళ్ళ సెట్టు అంటే ఒక్క రోజుతో అయిపోదు. కొలత తీసుకోవడం, సరిచూడడం, బిగించడం అని అదే ముసలాయన ఐదారు సార్లు రావాలి. ఆయన మధ్యలో రానంటే మళ్ళీ మొదటి నుంచి. సిటీ పిల్లలకు బంధువులుంటారు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఉంటాడు, ఇంట్లో పనిచేసే ఆమె ఉంటుంది. ఉట్నూరు నుంచో సీతంపేట నుంచో వచ్చిన పిల్లకు ఆ ఊళ్ళో ఎవరున్నారు?

విచిత్రం చూడండి. మన గూడెంలో పన్ను నొప్పితో నలభై మంది డాక్టర్ దొరక్క కూర్చున్నారు. మన పిల్ల నగరంలో పేషంట్ దొరక్క ఆటోకు డబ్బులిచ్చి పిలుచుకుంటోంది. ఈ ఇద్దరినీ కలపడానికి ఒక బస్సు చాలు. డెంటల్ కాలేజీలకు క్యాంపులు పెట్టే విభాగం ఉంటుంది, వ్యాన్లు ఉంటాయి. ఐటీడీఏ అడిగితే నెలకు రెండుసార్లు ఏజెన్సీకి రావడానికి వాళ్ళకు కారణం దొరుకుతుంది. అడిగేవాళ్ళు కావాలి.

తిండి, గది సంగతి క్లుప్తంగా చెప్తా, మీకు తెలిసిందే. తెలంగాణలో 2024లో మెస్ ఛార్జీలు పెంచాక ఇంటర్ నుంచి పీజీ దాకా నెలకు 2,100 అయింది. రోజుకు 70 రూపాయలు. ప్రైవేటు కాలేజీ హాస్టల్లో ఆ 70కి ఏం వస్తుందో అక్కడ ఉన్నవాళ్ళను అడగండి.

దీనికి తోడు ఆలస్యం. రీయింబర్స్‌మెంట్ మంజూరవుతుంది, టోకెన్ పడుతుంది, డబ్బు మాత్రం రాదు. 2025లో ప్రైవేటు కాలేజీలే బకాయిల మీద తెలంగాణలో బంద్ చేశాయి. ఏపీలో కొన్నేళ్ళు ఆ డబ్బును తల్లుల ఖాతాల్లో వేశారు, అది రావడం ఆలస్యమైతే కాలేజీ పట్టుకునేది పిల్లనే. కాలేజీకీ ప్రభుత్వానికీ మధ్య ఉన్న బాకీని మన పిల్లల హాల్‌టికెట్ ఆపి వసూలు చేస్తారు. "ముందు మీరు కట్టండి, గవర్నమెంట్ డబ్బు వచ్చాక తిరిగి ఇస్తాం" అంటారు. ప్రభుత్వం కట్టాల్సిన డబ్బుకు మా అమ్మ వడ్డీ ఎందుకు కట్టాలి అని అడిగే ధైర్యం పరీక్ష ముందు రోజు ఎవరికీ ఉండదు. మన ఇళ్ళ మీది డెంటల్ అప్పులో సగం ఇట్లా పుట్టిందే. దాన్ని విద్యా రుణం అనడం కూడా తప్పు. అది ప్రభుత్వం తరఫున మనం మోస్తున్న అప్పు.

ఫెయిల్ అవడం గురించి కూడా మాట్లాడాలి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. తెలుగు మీడియంలోనో ఆశ్రమ పాఠశాలలోనో చదివి వచ్చిన పిల్లలకు మొదటి ఏడాది అనాటమీ ఇంగ్లీషు గోడలా అడ్డం నిలబడుతుంది. తప్పి అదే ఏడు మళ్ళీ చదివితే ఆ ఏడాదికి రెండోసారి స్కాలర్‌షిప్ రాదు. అంటే ఒక్క ఏడు ఆగితే ఫీజు, హాస్టల్ మొత్తం మన మీద పడుతుంది. హాజరు 75 శాతం లేకపోయినా ఇదే గతి. పండక్కి ఊరెళ్ళి జ్వరం వచ్చి నెల ఉండిపోయారా, వెంటనే మెడికల్ సర్టిఫికెట్ కాలేజీలో ఇచ్చి నకలు మీద స్టాంపు వేయించుకోండి. మొదటి మూడు నెలల్లో సీనియర్‌ను పట్టుకుని రోజూ గంట కూర్చోవడం తర్వాత లక్ష రూపాయలు మిగులుస్తుంది. కోచింగ్ సెంటర్ యాడ్ లాగా ఉంది కదా ఈ మాట. నిజం మాత్రం అదే.

సరే, డబ్బు అవసరం పడింది. ఎక్కడి నుంచి తెస్తున్నాం? అమ్మ పొదుపు సంఘం లోన్ మొదటిది. అది చాలదు. తర్వాత మైక్రోఫైనాన్స్ వాడు, వారం వారం ఇంటి ముందు బండి ఆపేవాడు. ఆ తర్వాత పత్తి కొనే సేటు. నూటికి మూడు రూపాయల వడ్డీ. వినడానికి మూడే. లక్షన్నరకు నెలకు నాలుగున్నర వేలు, ఏడాదికి 54 వేలు. పైగా పంట ఆయనకే అమ్మాలి, ఆయన చెప్పిన తూకానికే, ఆయన చెప్పిన ధరకే. అదే లక్షన్నర బ్యాంకులో 10 శాతానికి తెస్తే ఏడాదికి వడ్డీ 15 వేలు.

మరి బ్యాంకుకు ఎందుకు పోం? పోతాం. మేనేజర్ తాకట్టు అడుగుతాడు. మనకున్నది భూమి. ఏజెన్సీ భూమిని 1/70 ప్రకారం గిరిజనేతరులకు బదిలీ చేయడం చెల్లదు. అటవీ హక్కుల పట్టా అయితే 2006 చట్టం ప్రకారం వారసత్వంగా వస్తుంది గానీ అమ్మడానికి లేదు. వేలం వేసుకోలేని భూమి బ్యాంకుకు పనికిరాదు. ఇక్కడ కొందరు మన కుర్రాళ్ళే "1/70 వల్లే మనకు లోన్లు రావడం లేదు, ఎత్తేస్తే బాగుండు" అనడం విన్నా. తమ్ముడూ, ఆ చట్టం లేకపోతే మొదటి డెంటల్ అప్పుకే ఆ భూమి పోయేది, అప్పుడు తర్వాతి తమ్ముడి చదువుకు అమ్మడానికి పత్తి కూడా ఉండేది కాదు. మార్చాల్సింది తాకట్టు అడిగే పద్ధతిని.

పైగా చిన్న లోన్‌కు తాకట్టు అడగడమే తప్పు. 4 లక్షల దాకా విద్యా రుణానికి ఆస్తి తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధనే ఉంది. తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. ఏడున్నర లక్షల దాకా కేంద్రం క్రెడిట్ గ్యారంటీ కూడా ఉంది. బ్యాంకుల నమూనా విద్యా రుణ పథకంలో పుస్తకాలు, పరికరాలు, హాస్టల్ ఖర్చు అన్నీ వస్తాయి. ఇది మనోళ్ళకు చాలామందికి తెలియదు. లోన్ అంటే ఫీజుకే అనుకుంటారు. "మీకు రీయింబర్స్‌మెంట్ వస్తుంది కదా, లోన్ దేనికి?" అని మేనేజర్ అంటే, ఫీజుకు కాదు సార్, కిట్‌కూ హాస్టల్‌కూ అని చెప్పండి. కాలేజీ నుంచి ఏడాదివారీ ఖర్చు వివరాలతో, పరికరాల జాబితాతో లెటర్ తీసుకుని పోండి. దరఖాస్తు విద్యాలక్ష్మి పోర్టల్‌లో పెట్టండి, అప్పుడు రికార్డ్ ఉంటుంది. ఇవ్వనంటే కారణం రాసి ఇమ్మనండి. ఆ కాగితంతో రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, దానికి ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఒకటి గుర్తుంచుకోండి, ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్ళకు పీఎం విద్యాలక్ష్మి వడ్డీ రాయితీ వర్తించదు. ఆ రాయితీ లెక్కలో వేసుకుని ఎక్కువ అప్పు చేయకండి.

మనకోసమే ఉన్న తలుపు ఇంకొకటి ఉంది. జాతీయ షెడ్యూల్డ్ తెగల ఆర్థికాభివృద్ధి సంస్థ కింద 'ఆదివాసీ శిక్షా ఋణ యోజన' అని, 6 శాతం వడ్డీకి చదువు అప్పు. రాష్ట్రంలో ఇది ట్రైకార్ ద్వారా రావాలి. మీ ఊళ్ళో దీని పేరు విన్నవాళ్ళు ఎంతమంది? ట్రైకార్ అంటే మేకలు, ఆటోలు, కిరాణా షాపు సబ్సిడీలు అనే మనకు తెలుసు. ఈ పథకం కింద గత ఐదేళ్ళలో మా ఐటీడీఏ పరిధిలో ఎంతమందికి ఇచ్చారు అని ఒక ఆర్టీఐ వేయండి. పది రూపాయల పని.

కౌన్సెలింగ్‌కు పోయే ముందు చూసుకోవాల్సినవి కూడా చెప్పాలి. ఆదాయ సర్టిఫికెట్ తాజాది ఉండాలి. కేంద్రం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు ఎస్టీ కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి రెండున్నర లక్షలు, రాష్ట్రం పరిమితి పోర్టల్‌లో వేరుగా చూడండి. ఆధార్‌లో పేరు, టెన్త్ మెమోలో పేరు, బ్యాంకు పాస్‌బుక్‌లో పేరు ఒకేలా ఉన్నాయా? ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉండి స్కాలర్‌షిప్ ఆగిపోయిన పిల్లలు ఎంతమందో. చేరాక మధ్యలో మానేస్తే కట్టాల్సిన సొమ్ము గురించి యూనివర్సిటీ నిబంధనల్లో ఉంటుంది, సంతకం పెట్టేముందు చదవండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ప్రతి రూపాయికీ రశీదు అడగండి. రశీదు ఇవ్వని డబ్బు ఎంత, ఎప్పుడు, ఎవరికి ఇచ్చారో తేదీతో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ నోట్‌బుక్ తర్వాత మనందరికీ పనికొస్తుంది.

ఎందుకంటే ఇదంతా ఒక్కొక్కరు ఇంట్లో కూర్చుని జాగ్రత్త పడితే తీరే సంగతి కాదు. ఫోర్సెప్స్, ఆర్టిక్యులేటర్, హ్యాండ్‌పీస్ నాలుగేళ్ళకు అరిగిపోవు. చదువైపోయిన అన్నలు అక్కలు వాటిని ఎవరికో సగం ధరకు అమ్మేయకుండా జిల్లాకో చోట పెడితే, కొత్త పిల్లలు తీసుకుని వాడి తిరిగి ఇవ్వొచ్చు. దీనికి ప్రభుత్వం అనుమతి అక్కర్లేదు, ఒక బీరువా, ఒక రిజిస్టర్ చాలు. మైనం, ఆల్జినేట్ లాంటివి ఎలాగూ కొత్తవే కొనాలి, అది చిన్న ఖర్చు.

ప్రభుత్వం చేయాల్సింది ప్రభుత్వమే చేయాలి. విదేశాల్లో చదువుకు తెలంగాణ అంబేద్కర్ ఓవర్సీస్ నిధి కింద ఎస్టీ విద్యార్థికి 20 లక్షలు ఇస్తుంది. మంచిదే, ఇవ్వాలి. హైదరాబాద్‌లో పళ్ళ డాక్టర్ చదివే పిల్లకు లక్ష రూపాయల పరికరాలు ఇవ్వడానికి మాత్రం పద్దు లేదంటారు. పద్దు ఉంది. ఏపీలో 2013 నాటి ఉప ప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017 నాటి ప్రత్యేక ప్రగతి నిధి చట్టం ఇట్లాంటి వాటికోసమే. మన జనాభా నిష్పత్తిలో పక్కన పెట్టిన డబ్బు అది. రెండు రాష్ట్రాల్లో కన్వీనర్ కోటాలో ఏటా చేరే ఎస్టీ డెంటల్ విద్యార్థులు కొన్ని వందలు కూడా దాటరు. వాళ్ళందరికీ కిట్ ఇవ్వడం రోడ్డు కాంట్రాక్టులో ఒక కల్వర్టు ఖర్చుతో అయ్యే పని.

వడ్డీ సంగతి మన చేతుల్లోనే కొంత ఉంది. రాజ్యాంగం ఐదో షెడ్యూల్‌లో షెడ్యూల్డ్ ప్రాంతాల ఎస్టీలకు అప్పులిచ్చే వ్యాపారాన్ని నియంత్రించే అధికారం గవర్నర్‌కు రాసి ఉంది. 1996 పెసా చట్టం అదే అధికారాన్ని గ్రామసభ దాకా తెచ్చింది. పెసా అంటే మనం ఇసుక, గనులు, బీడీ ఆకు గురించే మాట్లాడతాం. 1981లో ఇంద్రవెల్లిలో గోండు పెద్దలు సభకు కదిలింది భూమి కోసం ఎంతో, షావుకార్ల అప్పుల పీడ నుంచి బయటపడటానికి కూడా అంతే. ఆ షావుకారు ఇప్పుడు చదువు అప్పు ఇస్తున్నాడు. నూటికి మూడు తీసుకునేవాణ్ణి, వారం వారం ఆడవాళ్ళను వరండాలో కూర్చోబెట్టి వసూలు చేసే కంపెనీని గ్రామసభ పిలిచి లైసెన్సు చూపించమనొచ్చు. తీర్మానం రాసి పంపొచ్చు. ఎన్ని గ్రామసభలు ఆ పని చేశాయి?

ఉద్యోగాల గురించి అడగకపోతే మిగతావన్నీ సగమే. ఏజెన్సీ సీహెచ్‌సీల్లో, ఏరియా ఆసుపత్రుల్లో డెంటల్ పోస్టులు నింపాలి, లేనిచోట మంజూరు చేయాలి, అక్కడి భాష వచ్చిన స్థానిక ఆదివాసీ డాక్టర్లకు అందులో ముందు చోటు ఉండాలి. జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేశాక ఏజెన్సీలో స్థానిక ఉద్యోగాల మాట ఎత్తితేనే "కోర్టు ఒప్పుకోదు" అని ఆఫీసర్లు నోరు మూయిస్తున్నారు. కోర్టు కొట్టేసింది టీచర్ పోస్టుల్లో నూటికి నూరు శాతాన్ని. ఏదీ ఇవ్వొద్దని చెప్పలేదు. హౌస్ సర్జన్సీ ఏడాదిలో ప్రభుత్వ కాలేజీల వాళ్ళకు స్టైపెండ్ వస్తుంది, చాలా ప్రైవేటు కాలేజీల్లో చేతికి వచ్చేది నామమాత్రం. ఆ ఏడాదిలో కొన్ని నెలలు ఏజెన్సీ ఆసుపత్రిలో పనిచేయించి ఐటీడీఏ స్టైపెండ్ ఇస్తే పిల్లకు అప్పు తగ్గుతుంది, ఊరికి పన్ను నొప్పి తగ్గుతుంది.

భద్రాచలం ఐటీడీఏలో సోమవారం గిరిజన దర్బార్ ఉంటుంది. మిగతా చోట్ల పీవోను కలిసే రోజు కనుక్కోండి. డెంటల్ చదువుతున్నవాళ్ళు, చదివినవాళ్ళు, వాళ్ళ అమ్మానాన్నలు కలిసి పోండి. ఒక్కరే పోతే "చూద్దాం అమ్మా" అంటారు. వినతిపత్రంలో రాయాల్సినవి నాలుగు: కిట్ ఖర్చు ప్రత్యేక నిధి నుంచి ఇవ్వాలి, బకాయి పేరుతో హాల్‌టికెట్లు ఆపకుండా కాలేజీలకు ఉత్తర్వు పంపాలి, ట్రైకార్ ద్వారా 6 శాతం చదువు అప్పు మన పిల్లలకు అందేలా చూడాలి, నెలకు రెండుసార్లు డెంటల్ వ్యాన్ గూడేలకు రావాలి. నోట్‌బుక్‌లో రాసుకున్న లెక్కలు, రశీదుల జిరాక్స్ జత చేయండి. ఇచ్చాక నకలు మీద ఇన్‌వార్డ్ నంబర్ వేయించుకోవడం మర్చిపోవద్దు.